వేళ్లకి నోటీసివ్వరా?

2025 ఆగస్టులో, కొద్దిరోజుల తేడాలో, మన దేశంలో ఎంతోమందికి ఫోన్ ఎత్తడం రాకుండా పోయింది. ఏళ్ల తరబడి చేస్తున్న పనే. కాల్ వస్తే వేలితో పైకి తోస్తే ఎత్తినట్టు, కిందికి లాగితే వద్దన్నట్టు. ఒకరోజు పైకి తోస్తే ఏమీ కాలేదు. పక్కకి జరపాలట. ఫేవరెట్స్, రీసెంట్స్ అని విడివిడిగా ఉండేవి 'హోమ్' అనే ఒకే చోట కలిసిపోయాయి. బటన్లు ఉబ్బాయి. ఎవరూ ఏమీ నొక్కలేదు, ఎవర్నీ ఎవరూ ఏమీ అడగలేదు. ఫోన్ హ్యాక్ అయిందేమో అని చాలామంది నిజంగానే భయపడ్డారు.

జరిగింది ఇది. గూగుల్ వాళ్ల 'ఫోన్' యాప్‌కి మెటీరియల్ 3 ఎక్స్‌ప్రెసివ్ అనే కొత్త డిజైన్ వచ్చింది. చాలా కంపెనీల ఆండ్రాయిడ్ ఫోన్లలో కాల్స్‌కి డిఫాల్ట్‌గా ఉండేది ఆ యాపే. జేబులోంచి తీసేటప్పుడు పొరపాటున కాల్ ఎత్తేయడం, కట్ చేసేయడం తగ్గుతుందని కారణం చెప్పారు. సెట్టింగ్స్‌లో రెండు దారులు ఇచ్చారు: పక్కకి జరపడం, లేదా ఒక్కసారి నొక్కడం. పాత దారి ఆ జాబితాలో లేదు. దాన్ని జనమే వెతుక్కున్నారు. ప్లేస్టోర్‌కి పోయి 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' కొట్టారు.

మా వృత్తిలో ఇలాంటి గొడవ లేచినప్పుడల్లా మీటింగుల్లో ఒక మాట వినిపిస్తుంది. "వారం రోజులు తిట్టుకుంటారు, తర్వాత అలవాటు పడిపోతారు." ఈ వ్యాసం ఆ ఒక్క వాక్యం మీద. అది అబద్ధం కాదు. నిజంగానే అలవాటు పడతారు. కరెంటు కోతకీ పడ్డాం, క్యూలైన్లకీ పడ్డాం. జనం అలవాటు పడ్డారన్నది చేసిన పని సరైందనడానికి సాక్ష్యం ఎప్పుడయింది?

ముందు అలవాటు అంటే ఏమిటో మాట్లాడుకుందాం. సైకిలు తొక్కేవాడు హ్యాండిల్ గురించి ఆలోచించడు. దోసె తిప్పే చెయ్యి అట్లకాడ గురించి ఆలోచించదు. నేర్చుకునేటప్పుడు పడ్డ కష్టమంతా వేళ్లలోకి దిగిపోయి, తలకాయ వేరే పనికి ఖాళీ అవుతుంది. ఆ ఖాళీని సంపాదించింది వాడేవాళ్లు, తమ సమయం పెట్టి. కంపెనీ ఖాతా పుస్తకంలో దానికి గడి లేదు కాబట్టి దాని విలువ సున్నా అనుకుంటారు. బటన్ చోటు మారిన రోజున కోట్లమంది దగ్గర కొంచెం కొంచెంగా ఆ ఆస్తి పోతుంది. ఎవరి దగ్గరా పోలీసు కేసు పెట్టేంత పోదు, అందుకే ఎవరూ లెక్క కట్టరు.

మా చిత్తూరు వైపు బుల్లెట్ బండి మీద మోజు ఎక్కువ. పాత బుల్లెట్‌కి గేరు కుడికాలి వైపు ఉండేది, బ్రేకు ఎడమకాలి వైపు. తర్వాత వచ్చిన మోడళ్లలో అది తారుమారైంది. మిగతా బళ్లన్నీ అలాగే ఉన్నాయి కాబట్టి ఆ మార్పులో న్యాయం ఉంది. పాతబండి నడిపినవాళ్లు కొత్తబండి ఎక్కి గేరనుకుని బ్రేకు తొక్కి తిట్టుకున్నారు కూడా. కానీ ఒకటి గమనించండి. ఎవరింట్లో పాతబండి ఉందో ఆ బండి అలాగే ఉంది. కంపెనీవాళ్లు రాత్రి గేటు దూకొచ్చి, వసారాలో నిలబెట్టిన బండికి గేరు పీకి అటువైపు బిగించి వెళ్లలేదు. కొత్తది కావాలనుకున్నవాళ్లు కొనుక్కున్నారు, తెలిసి నేర్చుకున్నారు. సాఫ్ట్‌వేర్‌లో జరుగుతున్నది ఆ గేటు దూకడమే. డబ్బులిచ్చి కొన్న వస్తువు, మన జేబులో ఉన్న వస్తువు, మనం నిద్రలో ఉండగా మారిపోతుంది. దానికి 'మెరుగుదల' అని పేరు.

*

ఇది తెలియకుండా జరుగుతోందా అంటే, కానే కాదు. అలవాటు విలువ మా వృత్తికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు.

లినక్స్ కెర్నెల్ సంగతి చూడండి. దాన్ని నడిపించే లైనస్ టోర్వాల్డ్స్‌కి ఒక మొండి నియమం ఉంది: కెర్నెల్‌లో ఏ మార్పు చేసినా దానిమీద నడుస్తున్న ప్రోగ్రాములు చెడిపోకూడదు. 2012 డిసెంబర్‌లో ఒక సీనియర్ డెవలపర్, తప్పు కెర్నెల్‌ది కాదు ఆ ప్రోగ్రాముదే అని వాదిస్తే, టోర్వాల్డ్స్ అందరూ చూసే మెయిలింగ్ లిస్టులోనే నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ భాషని నేను సమర్థించను. నియమం మాత్రం బంగారం. ఇంకొకటి, హైరమ్ రైట్ అనే గూగుల్ ఇంజినీర్ పేరు మీద ప్రచారంలో ఉన్న సూత్రం. తగినంతమంది వాడుతున్నప్పుడు, మీరు రాతపూర్వకంగా ఏం హామీ ఇచ్చారన్నది లెక్కలోకి రాదు. మీ సిస్టమ్ బయటికి కనిపించేలా చేసే ప్రతి పని మీదా ఎవరో ఒకరు ఆధారపడి ఉంటారు. ఇవి మా పిల్ల ఇంజినీర్లకి కూడా తెలుసు. ఒక ఏపీఐలో చిన్న ఫీల్డు పేరు మార్చాలంటే నెలల ముందు నోటీసు. పాత వెర్షన్, కొత్త వెర్షన్ పక్కపక్కన నడుస్తాయి. ఎవరు ఇంకా పాతదే వాడుతున్నారో లాగ్‌లు తీసి చూసి, వాళ్లకి మెయిళ్లు పెట్టి, బతిమాలి, అప్పుడు ఆపుతాం.

అంటే ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రాముకి ఇంత మర్యాద ఇస్తుంది. అవతల ఉన్నది మనిషి వేళ్లయితే మాత్రం పొద్దున్నే ఒక పాప్‌అప్: "కొత్త అనుభవానికి స్వాగతం!" కింద ఒకే బటన్, "సరే". వద్దు అనే బటన్ ఉండదు. మహా అయితే "తర్వాత గుర్తుచేయి".

పాతదాన్ని నిలబెట్టడం ఖర్చు అంటారు. నిజమే, రెండు దారులు ఉంచితే రెండూ టెస్ట్ చేయాలి. కానీ ఆ ఖర్చు పెడుతున్న చోట్లు ఉన్నాయి. విండోస్‌లో ఎల్‌టీఎస్‌సీ అని ఒక రకం ఉంది. ఆస్పత్రి పరికరాలూ ఏటీఎంలూ లాంటి మిషన్ల కోసం చేసింది. ఏళ్ల తరబడి సెక్యూరిటీ మరమ్మతులు వస్తాయి, ముఖం మాత్రం మారదు. ఫైర్‌ఫాక్స్‌లో ఈఎస్ఆర్ అని సంస్థల కోసం ఇలాంటిదే ఉంది. కాబట్టి భద్రత వేరు, బటన్ల చోటు వేరు అని విడదీయడం సాధ్యమే, ఇప్పటికే చేస్తున్నారు కూడా. ఏటీఎం మిషన్‌కి దక్కిన గౌరవం ఆ ఏటీఎం ముందు నిలబడ్డ మనిషికి ఎందుకు దక్కదు అన్నదే నా ప్రశ్న.

*

ఇక మన సంగతికి, తెలుగు సంగతికి వద్దాం. ఇంగ్లిషు క్వెర్టీ కీబోర్డు 1870ల నాటి రెమింగ్టన్ టైపురైటర్ మీద వచ్చింది. ఇంతకంటే వేగం, వేళ్లకి సుఖం అంటూ 1936లో ఆగస్ట్ డ్వోరక్ వేరే అమరికకి పేటెంట్ తీసుకున్నాడు. ఎవరూ కదల్లేదు. క్వెర్టీ గొప్పదని కాదు, అందరి వేళ్లూ అక్కడున్నాయి కనక. నూటయాభై ఏళ్లయినా ఏ అప్‌డేటూ ఆ అక్షరాల చోటు మార్చే సాహసం చేయలేదు. చేస్తే మొట్టమొదట తడబడేది ఆ అప్‌డేట్ రాసినవాడి వేళ్లే.

తెలుగు వేళ్లకి ఆ అదృష్టం లేదు. టైపురైటర్ ఒక అమరిక నేర్పింది. ప్రభుత్వం ఇన్‌స్క్రిప్ట్ అంది, 1991లో అది ఇస్కీ ప్రమాణంలో చేరింది. డీటీపీ లోకం అను స్క్రిప్ట్‌లో 'యాపిల్', 'మాడ్యులర్' అనే అమరికలకి వేళ్లు అప్పగించింది. అమెరికా వెళ్లిన తెలుగువాళ్లు రైస్ యూనివర్సిటీ రోజుల్లో ఆర్‌టీఎస్ చేసుకున్నారు: చిన్న ఎన్ కొడితే న, పెద్ద ఎన్ కొడితే ణ. ఆ దారిలోనే తెలుగు బ్లాగుల తొలిరోజుల్లో వీవెన్ 'లేఖిని' వచ్చింది. తర్వాత పెద్ద కంపెనీలు దిగాయి. గూగుల్ విండోస్ కోసం ఒక టైపింగ్ పరికరం ఇచ్చింది, ఆపేసింది. ఫోన్లకి ఇండిక్ కీబోర్డు ఇచ్చింది, దాన్నీ ఆపేసి జీబోర్డ్‌కి పొమ్మంది. మైక్రోసాఫ్ట్ 2019లో విండోస్ 10కి తెలుగుతో సహా పది భారతీయ భాషల ఫొనెటిక్ కీబోర్డులు చేర్చింది. ఒక్కొక్కటీ దానికదిగా చూస్తే మంచిపనే. కానీ ముప్పయ్యేళ్లలో తెలుగు రాసే మనిషి ఎన్నిసార్లు ఓనమాలు దిద్దుకోవాలి?

2012 డిసెంబర్ 27 నుంచి 29 దాకా నాలుగో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది మా తిరుపతిలోనే. అదే తిరుపతిలో ఈరోజు పెళ్లిపత్రిక కొట్టించడానికో థీసిస్ టైపు చేయించడానికో డీటీపీ సెంటర్‌కి వెళ్లండి. ఇంకా చాలాచోట్ల పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు కనిపిస్తాయి. 2000ల మొదట్లో వచ్చిన ఆ వెర్షన్ తర్వాత పేజ్‌మేకర్‌కి ఇంకో వెర్షన్ రాలేదు. అది నడవడం కోసమే పాత విండోస్‌ని బతికించుకుంటూ ఉంటారు. దీన్ని చూసి నవ్వేవాళ్లని చాలామందిని చూశాను. యూనివర్సిటీ దగ్గర ఇరవయ్యేళ్లుగా థీసిస్‌లు టైపు చేస్తున్న ఒకావిడని, యూనికోడ్‌కి ఎందుకు మారలేదక్కా అని అడిగాను. స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండానే చెప్పింది: "ఏ అచ్చరం యాడుండాదో నాకు తెల్దు తమ్ముడూ, నా యేళ్లకి తెల్సు. కొత్తది నేర్చుకునే నెల్రోజులు మా ఇంటికి బియ్యం ఎవురేస్తారు?"

ఆమెకి పేజీకి ఇంత అని లెక్క. వేగం తగ్గితే కూలి తగ్గుతుంది. "వారం తిట్టుకుని అలవాటు పడతారు" అనేవాడి జీతం ఆ వారం కూడా పడుతుంది. తేడా అక్కడుంది.

ఇప్పుడు ఎదుటివాదం. దాన్ని బలంగానే చెప్తాను. ఆ అక్క కొట్టిన వేల పేజీలు యూనికోడ్ కావు. వెతికితే దొరకవు, ఫాంటు లేని మిషన్‌లో తెరిస్తే పిచ్చిగీతలు. తెలుగు పుస్తకాలు ఎన్నో ఇలా అను ఫైళ్లలో తాళం పడి ఉన్నాయి. పబ్లిషర్ దగ్గర సీడీ ఉంటుంది, లోపలి మాట బయటికి రాదు. అలవాటుని గౌరవిస్తూ కూర్చుంటే భాషే ఇరుక్కుపోదా? ఇరుక్కుపోతుంది. యూనికోడ్‌కి మారడం తప్పనిసరి, దానికోసం పోట్లాడినవాళ్లకి మనం రుణపడి ఉన్నాం.

కానీ ఆ మార్పు జరిగినచోట ఎలా జరిగిందో చూడండి. అదే యాపిల్ అమరికతో యూనికోడ్ కొట్టేలా కీబోర్డులు తయారుచేసినవాళ్లు ఉన్నారు, అను ఫైళ్లని యూనికోడ్‌లోకి తిప్పే కన్వర్టర్లు రాసినవాళ్లు ఉన్నారు. చాలావరకు సొంత ఆసక్తితో చేసిన పని. లోపల అక్షరం దాచుకునే పద్ధతి పునాదులతో సహా మారిపోయింది, పైన వేలు పడే చోటు మారలేదు. మార్పు అవసరమైనది ఎక్కడో, అనవసరమైనది ఎక్కడో వాళ్లకి తెలుసు. వేల కోట్ల కంపెనీల డిజైన్ టీముల కంటే మన వాలంటీర్లు ఈ విషయంలో మంచి ఇంజినీర్లు.

*

కథలూ కవిత్వమూ రాసేవాళ్లకి, చదివేవాళ్లకి ఇందులో ఇంకా పెద్ద సంగతి ఉంది. ఆర్‌టీఎస్, లేఖిని పద్ధతిలో మీరు ఏం కొడితే అదే పడేది. తప్పు కొడితే తప్పే పడేది. కొత్త కీబోర్డుల్లో డిఫాల్ట్ మారింది. మీరు కొట్టింది ఒక సూచన మాత్రమే, దాన్ని చూసి మీరేం అనబోతున్నారో అది ఊహిస్తుంది. దీన్ని సౌకర్యం అన్నారు. వాట్సాప్‌లో 'వస్తున్నా' కొట్టడానికి సౌకర్యమే.

నేను వాడే కీబోర్డులో, పేరెందుకు, 'ఉండాది' అని కొడతాను. పైన పట్టీలో ముందుగా వచ్చేది 'ఉంది', 'ఉండాలి'. స్పేస్ నొక్కితే నేను అడక్కపోయినా అవే కూర్చుంటాయి. వెనక్కొచ్చి దిద్దాలి. 'పోతా ఉండా' అంటే 'పోతూ ఉంది' చేస్తుంది. మావైపు భాషలో రెండు పేజీల కథ రాయాలంటే కథతో పోరాడినంతసేపు కీబోర్డుతో పోరాడాలి. రాసేవాడు మొండివాడైతే దిద్దుకుంటాడు. కాస్త అలిసిపోయినవాడు మూడోసారికి 'ఉంది'తో సరిపెట్టుకుంటాడు. ఆ సరిపెట్టుకోవడం ఎవరి లెక్కలోనూ నమోదు కాదు. పైగా వాడు అలా 'ఉంది' అన్నాడు కనక, తెలుగువాళ్లంతా 'ఉంది' అంటారని ఆ యంత్రం ఇంకాస్త గట్టిగా నేర్చుకునే ప్రమాదం కూడా ఉంది.

నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు పల్లె భాషలో 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కతలు' రాసినప్పుడు ఎదురైన ఎడిటర్లు మనుషులు. వాదించొచ్చు, ఒప్పించొచ్చు, ఒప్పుకోకపోతే ఇంకో పత్రికకి పంపొచ్చు. స్పేస్‌బార్ కింద కూర్చున్న ఎడిటర్‌తో వాదించే దారేది? గిడుగు రామమూర్తి పండితులతో పోరాడింది దేనికి? జనం నోట్లో ఉన్నది మొదలు, వ్యాకరణం దాని వెనకాల నడవాలని. ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో గిడుగు పేరుతో చక్కటి తెలుగు ఫాంటు ఉంది. ఆయన పేరు డిఫాల్ట్‌లోకి ఎక్కింది, ఆయన వాదన ఎక్కలేదు.

ఇక్కడ ఒక తెలివైన మిత్రుడు అడ్డుపడొచ్చు: గిడుగు కూడా పాత అలవాటుని మార్చినవాడే కదా, గ్రాంథికం అలవాటైనవాళ్లు గగ్గోలు పెట్టారు కదా అని. పెట్టారు. అయితే ఆయన రాతని జనం నోటి దగ్గరికి తెచ్చాడు. ఈ అప్‌డేట్లు జనం వేళ్లని ఎక్కడో గీసిన బొమ్మ దగ్గరికి ఈడుస్తున్నాయి. రెండూ మార్పులే, దిశ వేరు.

*

భద్రత సంగతి ఒకటి మిగిలింది. "అప్‌డేట్ చేయకపోతే ప్రమాదం" అన్నది ఈ చర్చలో చివరి తురుఫుముక్క. సెక్యూరిటీ మరమ్మతులు వెంటనే వేసుకోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే మామూలు మనిషికి ఉన్న భద్రత ఏమిటి? సర్టిఫికెట్లూ డొమైన్ పేర్లూ చూసేవాళ్లు ఎంతమంది? "ఎప్పుడూ కనిపించేలా కనిపిస్తోంది, కాబట్టి అసలుదే" అన్నదే వాళ్ల తాళం. తిరుపతివాళ్లందరికీ తెలిసిన ఉదాహరణ చెప్తాను. శ్రీవారి దర్శనం టికెట్ల వెబ్‌సైట్ చిరునామా కొన్నేళ్లలోనే 'టీటీడీ సేవా ఆన్‌లైన్' నుంచి 'తిరుపతి బాలాజీ'కి, అక్కణ్ణుంచి 'టీటీ దేవస్థానమ్స్'కి మారింది. కారణాలు ఉండే ఉంటాయి. ఈ మధ్యలో నకిలీ వెబ్‌సైట్ల గురించి టీటీడీ పదేపదే హెచ్చరించాల్సి వచ్చింది. అసలుదాని ముఖమూ చిరునామా మారుతూ ఉంటే నకిలీని పోల్చుకోవడం భక్తుడికి కష్టమే అవుతుంది. మూడొందల రూపాయల టికెట్లు ఫలానా గంటకి వదిలితే చూస్తుండగానే అయిపోతాయి. బటన్ కోసం అర నిమిషం తడుముకున్నవాళ్లకి ఆ నెల దర్శనం లేదు.

"మీ యాప్ అప్‌డేట్ చేసుకోండి" అంటూ ఏపీకే ఫైలు పంపి బ్యాంకు ఖాతా ఊడ్చే మోసం మన రెండు రాష్ట్రాల్లో ఎంత జరుగుతోందో పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఆ వలలో జనం ఎందుకు పడతారు? అడక్కుండా మారిపోవడం మామూలే అని, వచ్చినదానికల్లా 'సరే' కొట్టాలని నేర్పింది మేమే కాబట్టి. ఆగస్టులో ఫోన్ హ్యాక్ అయిందని భయపడ్డవాళ్లని చూసి కొందరు నవ్వారు. నా లెక్కలో వాళ్లే సరిగ్గా ఆలోచించారు. యజమానికి చెప్పకుండా ఇంట్లో సామాన్లు జరిగి ఉంటే దొంగ వచ్చాడనుకోవడం తెలివే.

చేయాలనుకుంటే ఎంత వేగంగా చేయగలరో కూడా మనకి తెలుసు. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ఐఫోన్లని పడగొట్టింది. 'జ్ఞా' గుణింతం మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు చేరితే ఐఓఎస్ 11.2.5 తట్టుకోలేకపోయింది. ఆ గొడవ ప్రపంచమంతా పాకిన కొద్దిరోజుల్లోనే, ఫిబ్రవరి 19న, 11.2.6 వచ్చేసింది. విండోస్ 8 సంగతీ అంతే. 2012 అక్టోబర్‌లో స్టార్ట్ బటన్ తీసేశారు, ప్రపంచం అరిచింది, ఏడాది తిరిగేసరికి 8.1లో తెచ్చి పెట్టారు. "అలవాటు పడతారు" అన్న మాట అక్కడ చెల్లలేదు. అరిచినవాళ్లలో పెద్ద ఆఫీసులు ఉన్నాయి. డీటీపీ అక్క అరిస్తే ఎవరికి వినిపిస్తుంది?

అందుకే నా డిమాండ్లు చిన్నవి, స్పష్టమైనవి. సెక్యూరిటీ మరమ్మతుని, ముఖం మార్పుని ఒకే మూటలో కట్టొద్దు. కొత్త డిఫాల్ట్ కొత్తగా వచ్చేవాళ్లకి పెట్టండి. ఉన్నవాళ్లకి వాళ్లు ఒప్పుకునేదాకా పాతదే ఉంచండి. మార్చేముందు తెలుగులో, తెలుగు చదివేవాళ్లకి అర్థమయ్యే తెలుగులో చెప్పండి. వెనక్కి వెళ్లే దారి అదే తెర మీద, 'సరే' పక్కనే, అంతే సైజులో పెట్టండి. తెలుగు కీబోర్డులో 'నేను కొట్టిందే వెయ్యి' అనే మీట పైనే ఉండాలి, సెట్టింగ్స్‌లో నాలుగు మెట్ల కింద కాదు. ఇవేవీ కనిపెట్టాల్సిన విద్యలు కావు. పక్క టీమ్ ఏపీఐకి మనం రోజూ చేసే మర్యాదలే.

'మనం' అని తెలిసే అన్నాను. ఈ పత్రిక చదివేవాళ్లలో సగంమంది హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఆఫీసుల్లో ఇదే పని చేస్తున్నారని నాకు తెలుసు. రేపు మీ మీటింగులో ఎవరో ఒకరు ఆ వాక్యం అంటారు. అప్పుడు మైక్ ఆన్ చేసి ఒకటి అడగండి: ఆ వారం రోజుల కూలి ఎవరిస్తారు?